పాంచాలంకురిచ్చి పాళెం: దక్షిణ తమిళనాట తెలుగు పాలెగార్ల యుద్ధ చరిత్ర (1799–1801)

వీరపాండ్య కట్టబొమ్మన తెలుగువాడా, తమిళుడా? తమిళనాట చదువుకునే తెలుగు విద్యార్థులకు ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. ఇంట్లో తెలుగు మాట్లాడే రాజకంబళ నాయక కుటుంబంలో పుట్టాడు కాబట్టి తెలుగువాడని కొందరంటారు. తమిళ దేశంలో పుట్టి, తమిళ జనంతో కలిసి పోరాడి, తమిళ పాటల్లో నిలిచాడు కాబట్టి తమిళుడని మరికొందరంటారు. రెండు మాటల్లోనూ నిజముంది. అయితే ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతే అసలు చరిత్ర మన చేతికి అందదు. 1799–1801 మధ్య తిరునెల్వేలి సీమలో జరిగింది ఒక వీరుని ధిక్కారం మాత్రమే కాదు. రెండున్నర శతాబ్దాలకు పైగా ఆయుధం పట్టి, ఊళ్ళకు కావలి కాసి, దానికి ప్రతిఫలంగా భూమి అనుభవించిన ఒక సైనిక సమాజం ఆ రెండేళ్ళలో అంతరించింది. ఆ సమాజంలో ప్రధానమైన భాగం తెలుగువారిది. ఆ యుద్ధంలో తెలుగువారు ఒక పక్షాన మాత్రమే లేరన్నది కూడా అంతే ముఖ్యమైన విషయం. ఈ రెండు సంగతులను కలిపి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పాళేల పుట్టుక

విజయనగర సామ్రాజ్యానికి ప్రతినిధిగా విశ్వనాథ నాయకుడు 1529 ప్రాంతంలో మధుర పాలన చేపట్టాడు. ఆయన, దళవాయి అరియనాథ మొదలియారు కలిసి రాజ్యాన్ని 72 పాళేలుగా విభజించారని సంప్రదాయం చెబుతుంది. మధుర కోటకు 72 బురుజులు ఉండేవనీ, ఒక్కొక్క బురుజు రక్షణ ఒక్కొక్క పాలెగారి బాధ్యత అనీ కూడా చెబుతారు. పాలెగాడు తన పాళెంలో పన్ను వసూలు చేసేవాడు, తగవులు తీర్చేవాడు. పిలుపు వచ్చినప్పుడు నిర్ణయించిన సంఖ్యలో సైనికులతో రాజు దగ్గరకు వెళ్ళవలసి ఉండేది. వచ్చిన ఆదాయంలో మూడో వంతు రాజుకు, మూడో వంతు సైన్యపోషణకు, మిగిలిన మూడో వంతు పాలెగారికి అన్నది పాటింపులో ఉన్న లెక్క.

దీనికి తోడు కావలి హక్కు ఉండేది. తన పాళెంలోని ఊళ్ళకు కాచేది స్థలకావలి. పాళెం వెలుపల, సర్కారు ఊళ్ళకూ బాటలకూ కాచేది దేశకావలి. దొంగతనం జరిగితే సొమ్ము వెతికి ఇవ్వాలి, లేదా నష్టం కట్టాలి. అందుకు ఊళ్ళవారు కావలి రుసుము చెల్లించేవారు. ఈ హక్కు అదుపు తప్పినచోట కావలి కాసేవాడే ఊరిని బెదిరించి సొమ్ము గుంజిన సందర్భాలూ లేకపోలేదు. కంపెనీ అధికారులు తర్వాతి కాలంలో పాలెగార్ల మీద మోపిన నేరాలలో ముఖ్యమైనది ఇదే. వాళ్ళు రాసినదంతా అబద్ధం అనలేం, అంతా నిజమనీ అనలేం. పాలెగాడు ఒకే సమయంలో రక్షకుడు, పన్ను వసూలుదారు, సైన్యాధిపతి. ఆ మూడు పనులూ ఒకే చేతిలో ఉండడమే ఆ వ్యవస్థకు బలం, బలహీనత కూడా.

తిరునెల్వేలి సీమలో పాళేలు స్థూలంగా రెండు జట్లు. పశ్చిమాన పడమటి కనుమల వైపు ఉన్నవి ఎక్కువగా మరవ పాళేలు. తూర్పున నల్లరేగడి మెట్ట భూములలో ఉన్నవి ఎక్కువగా తెలుగు నాయక పాళేలు. తూర్పు జట్టులో పాంచాలంకురిచ్చి, ఎట్టయాపురం పెద్దవి. నీటి వసతి ఉన్న తామ్రపర్ణి లోయలో కాకుండా, వానను నమ్ముకొని పత్తీ జొన్నా పండించే కరిసల్ నేలలో తెలుగువారు స్థిరపడ్డారు. ఆ నేల వారికి కొత్తది కాదు. వదిలి వచ్చిన సీమల్లోనూ నల్లరేగడి సేద్యం ఉన్నదే.

కంబళత్తారు

పాంచాలంకురిచ్చి, ఎట్టయాపురం పాలెగార్లు ఇద్దరూ రాజకంబళ నాయకులే. వారినే తొట్టియ నాయకులని, కంబళత్తారని కూడా అంటారు. కుల పంచాయితీలో కంబళి పరిచి దాని మీద కూర్చొని తీర్పు చెప్పే ఆచారం వల్ల ఆ పేరు వచ్చిందని చెప్పుకుంటారు. వీరి ఇలవేల్పు జక్కమ్మ. ఉత్తరాన ఉన్న తమ సీమ నుంచి శత్రువుల బారిన పడకుండా దక్షిణానికి తరలి వచ్చామని, దారిలో దేవత కాపాడిందని వీరి వలస కథలు చెబుతాయి. తమ పూర్వీకులు చంద్రగిరి నుంచి వచ్చారని ఎట్టయాపురం వంశచరిత్ర చెబుతుంది. కట్టబొమ్మన ఇంటిపేరుకు మూలం ‘గెట్టి బొమ్ము’ అని, తమిళుల నోట అది ‘కట్టబొమ్ము’ అయిందని కుటుంబ సంప్రదాయం.

ఈ కథలను అక్షరాలా చరిత్రగా తీసుకోనక్కర లేదు. కాని పాలెగార్లు తమ వంశావళులను ఎంత శ్రద్ధగా కాపాడుకున్నారో గమనించాలి. కర్నల్ కాలిన్ మెకంజీ సేకరణలో దక్షిణ పాలెగార్ల వంశావళులు, కైఫీయతులు చేరాయి. ఆ సేకరణకు వెన్నెముకగా నిలిచిన కావలి బొర్రయ్య, కావలి లక్ష్మయ్య సోదరులు ఏలూరువారు. ఆ వంశావళులలో దాదాపు ఒకే నమూనా కనిపిస్తుంది. పూర్వీకుడు రాజు ముందు ఏదో సాహసం చేస్తాడు. రాజు మెచ్చి బిరుదు, భూమి ఇస్తాడు. అంటే భూమి మీద హక్కు కత్తి చేసిన సేవ నుంచి వచ్చిందన్నది వారి దృష్టి. ఈ దృష్టిని అర్థం చేసుకోకపోతే కంపెనీతో వచ్చిన ఘర్షణ కేవలం పన్ను బకాయి తగవుగా కనిపిస్తుంది.

పాళెం సైన్యం ఒక్క కులానిది కాదు. పాంచాలంకురిచ్చి పక్షాన కంబళత్తారితో పాటు మరవలు, పళ్ళర్లు, ఇతర కులాలవారు పోరాడారు. పాలెగారి కార్యకర్తగా వ్యవహరించిన సుబ్రహ్మణ్య పిళ్ళై వెళ్ళాల కులస్థుడు. జానపద కథల్లో సుందరలింగం, వెళ్ళయదేవుడు వంటి వీరులకు కట్టబొమ్మనతో సమానమైన స్థానం ఉంది. తెలుగు కుటుంబం నాయకత్వం వహించినా అది తెలుగువారి సైన్యం మాత్రమే కాదు, ఆ నేల మీది సైన్యం.

నవాబు అప్పులు, కంపెనీ పేష్కషు

మధుర నాయక రాజ్యం 1736లో రాణి మీనాక్షితో ముగిసింది. ఆర్కాటు నవాబు అధికారం దక్షిణానికి పాకింది. పాలెగార్లు నవాబును నాయక రాజులకు వారసునిగా మనఃపూర్వకంగా అంగీకరించలేదు. 1755లో నవాబు అన్న మహఫూజ్ ఖాన్, కంపెనీ కర్నల్ హెరాన్ కలిసి దక్షిణానికి దండెత్తినప్పుడు పడమటి పాళేలకు నెల్కట్టుంసెవల్ పులిదేవుడు నాయకత్వం వహించాడు. తూర్పు నాయక పాళేలు అప్పుడు ఆయనతో కలవలేదు. పశ్చిమ, తూర్పు జట్ల మధ్య ఉన్న పాత స్పర్ధలు అందుకు కారణం. ఈ చీలిక కంపెనీకి ఎంతో ఉపయోగపడింది.

నవాబు మహమ్మదాలీ కంపెనీకి పెద్దయెత్తున అప్పుపడ్డాడు. 1781లో కర్ణాటక ఆదాయాన్ని కంపెనీకి అప్పగించాడు. 1785లో తిరిగి పొందాడు. 1792 ఒడంబడికతో పాలెగార్ల నుంచి పేష్కషు వసూలు చేసే అధికారం కంపెనీకి దక్కింది. ఈలోగా 1783లో కర్నల్ ఫుల్లార్టన్ పాంచాలంకురిచ్చిని పట్టుకొన్నప్పుడు కోటలో డచ్చి ఫిరంగులు, కొలంబోలోని డచ్చివారితో పాలెగారు చేసుకున్న ఒప్పంద పత్రం దొరికాయి. పాంచాలంకురిచ్చికి దగ్గరి రేవు తూత్తుకుడి డచ్చివారి చేతిలో ఉండేది. మెట్ట సీమలోని ఒక పాలెగారు సముద్రం అవతలి శక్తితో స్వతంత్రంగా ఒప్పందం చేసుకున్నాడంటే, తనను తాను నవాబు కౌలుదారునిగా భావించలేదన్నది స్పష్టం.

వీరపాండ్య కట్టబొమ్మన 1760లో పుట్టి, 1790లో పాలెగారయ్యాడు. అప్పటికి పాత పద్ధతి మారిపోతోంది. నాయక రాజు దగ్గర పాలెగారు సైన్యంతో సేవ చేసేవాడు. కంపెనీకి అతని సైన్యం అక్కర లేదు, డబ్బు మాత్రమే కావాలి. అది కూడా నిర్ణయించిన తేదీకి, నిర్ణయించిన మొత్తం. వానలు లేని ఏడు పత్తి నేలలో పేష్కషు చెల్లించడం కష్టం. పాత వ్యవస్థలో కష్టమొస్తే మాట్లాడుకొని సర్దుబాటు చేసుకొనేవారు. కొత్త వ్యవస్థలో బకాయి అంటే అవిధేయత.

రామనాథపురం ఘటన

1798లో కట్టబొమ్మన మీద ఉన్న బకాయి 3,310 పగోడాలని కలెక్టరు జాక్సన్ లెక్క చూపాడు. ఆగస్టులో తన ముందు హాజరు కమ్మని ఆజ్ఞ పంపాడు. కట్టబొమ్మన బయలుదేరాడు. కాని కుర్తాళంలో, శ్రీవిల్లిపుత్తూరులో కలుసుకోవడానికి జాక్సన్ ఒప్పుకోలేదు. కలెక్టరు పర్యటన వెంట పాలెగారు పరివారంతో సహా ఊరూరూ తిరగవలసి వచ్చింది. చివరికి 1798 సెప్టెంబరులో రామనాథపురంలో, సేతుపతుల రామలింగ విలాసంలో సమావేశం జరిగింది. గంటల తరబడి నిలబెట్టి విచారించారు. లెక్కలు చూస్తే బకాయిలో ఎక్కువ భాగం చెల్లించినట్టు, మిగిలినది 1,080 పగోడాలు మాత్రమే అని తేలింది. అయినా నిర్బంధిస్తారన్న అనుమానం కలిగింది. కోట ద్వారం దగ్గర జరిగిన తొక్కిసలాటలో లెఫ్టినెంట్ క్లార్క్ చనిపోయాడు. కట్టబొమ్మన తప్పించుకున్నాడు, సుబ్రహ్మణ్య పిళ్ళై పట్టుబడ్డాడు.

మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్ ఈ విషయమై విచారణ సంఘాన్ని నియమించాడు. ఆ సంఘం కలెక్టరు ప్రవర్తననే తప్పుపట్టింది. సుబ్రహ్మణ్య పిళ్ళైని విడుదల చేశారు. జాక్సన్ పదవి పోయింది. అతని స్థానంలో లషింగ్టన్ వచ్చాడు. ఇక్కడ వివాదం సమసిపోయి ఉండవచ్చు. కాని ఒకరిమీద ఒకరికి నమ్మకం పోయింది. కట్టబొమ్మన శివగంగ మరుదు సోదరులతో, చుట్టుపక్కల పాలెగార్లతో సంబంధాలు పెంచుకున్నాడు. కంపెనీ దృష్టిలో అది కూటమి కట్టడం.

1799

1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయి టిప్పు సుల్తాన్ మరణించాడు. మైసూరు యుద్ధం ముగియడంతో కంపెనీ సైన్యానికి తీరిక దొరికింది. మేజర్ బానర్‌మన్‌ను తిరునెల్వేలికి పంపారు. సెప్టెంబరు 4న పాళయంకోట్టైలో హాజరు కావాలని కట్టబొమ్మనకు ఉత్తర్వు అందింది. ఆయన వెళ్ళలేదు. సెప్టెంబరు 5న కోట మీద దాడి జరిగింది. గోడలను పడగొట్టగల పెద్ద ఫిరంగులు అప్పుడు బానర్‌మన్ దగ్గర లేవు. దాడి విఫలమైంది, కంపెనీ అధికారులు పలువురు చనిపోయారు. అదనపు బలగం వస్తున్నదని తెలిసి కోటలోనివారు ఒక రాత్రి కోట విడిచి వెళ్ళిపోయారు.

తర్వాత జరిగినవన్నీ వేటలే. సుబ్రహ్మణ్య పిళ్ళై పట్టుబడ్డాడు. సెప్టెంబరు 13న నాగలాపురంలో ఉరితీసి, తల పాంచాలంకురిచ్చిలో ప్రదర్శించారు. కట్టబొమ్మన ఉత్తరంగా పుదుక్కోట అడవుల్లోకి వెళ్ళాడు. పుదుక్కోట తొండమాన్ ఆయనను పట్టించాడు. అక్టోబరు 16న కయత్తారులో బానర్‌మన్ చుట్టుపక్కల పాలెగార్లనందరినీ సమావేశపరిచి, వారి ఎదుటే విచారణ తంతు నడిపి, అదే రోజు చింతచెట్టుకు ఉరితీయించాడు. కట్టబొమ్మన చివరి వరకు బెదరలేదని, అక్కడ కూర్చున్న ఎట్టయాపురం పాలెగారి వైపు తిరస్కారంగా చూశాడని బానర్‌మనే తన నివేదికలో రాశాడు. శత్రువు రాసిన మాట కాబట్టి దానికి విలువ ఎక్కువ.

పాలెగార్లను ఎందుకు పిలిపించారో గ్రహించాలి. ఆ ఉరి ఒక్క వ్యక్తికి విధించిన శిక్ష కాదు. అది మిగిలినవారికి చెప్పిన పాఠం. వెనువెంటనే కోటలు పడగొట్టాలని, ఆయుధాలు అప్పగించాలని ఆజ్ఞలు వెలువడ్డాయి. పాంచాలంకురిచ్చితో పాటు నాగలాపురం, కోలార్‌పట్టి, కాడల్‌గుడి, కుళత్తూరు వంటి పాళేలను కంపెనీ స్వాధీనం చేసుకుంది. ఆయుధం దగ్గర ఉంచుకుంటే మరణదండన. ఆయుధం పట్టడమే వృత్తిగా, హోదాగా బతికిన కుటుంబాలకు ఆ ఆజ్ఞ అర్థం ఏమిటో వేరే చెప్పనక్కర లేదు.

ఊమైదొర కోట

కట్టబొమ్మన తమ్ముళ్ళు ఇద్దరినీ పాళయంకోట్టైలో బంధించారు. వారిలో ఒకడు పుట్టు మూగ. అసలు పేరు కంటే ‘ఊమైదొర’ అన్న పేరే జనంలో నిలిచింది. 1801 ఫిబ్రవరి 2 సాయంత్రం కంపెనీ అధికారులు మేజర్ మెకాలే ఇంట్లో విందులో ఉండగా, మారువేషాల్లో వచ్చిన అనుచరులు కావలివారిని లొంగదీసి ఖైదీలను విడిపించారు. సుమారు 30 మైళ్ళ దూరంలోని పాంచాలంకురిచ్చికి చేరిన ఊమైదొర, కంపెనీ నేలమట్టం చేసిన కోటను కొద్ది రోజుల్లోనే మళ్ళీ లేపాడు. వేలమంది జనం మట్టి మోశారు. వారం తిరిగేసరికి అక్కడికి వచ్చిన మెకాలే, లేచి నిలిచిన కోటగోడలు చూసి, ఉన్న బలంతో దాడి చేయలేక వెనుదిరిగాడు.

ఆ యుద్ధంలో పాల్గొన్న కంపెనీ అధికారి జేమ్స్ వెల్ష్ 1830లో తన సైనిక జ్ఞాపకాలు అచ్చువేశాడు. పాంచాలంకురిచ్చి గురించి మనకున్న ప్రత్యక్ష సాక్ష్యాలలో అది ముఖ్యమైనది. కోట రాతి కోట కాదు. దీర్ఘ చతురస్రాకారంలో, ఎర్రమట్టీ గడ్డీ కలిపి కట్టిన గోడలు, చదరపు బురుజులు, చుట్టూ ముళ్ళ కంచె. ఫిరంగి గుండు రాతిని పగలగొడుతుంది, మట్టిలో మాత్రం కూరుకుపోతుంది. కష్టపడి గండి కొట్టినా లోపలి నుంచి 18–20 అడుగుల పొడవైన బల్లేలతో కోటవారు దాన్ని కాచేవారు. గండి ఎక్కినవాడికి శత్రువు కనిపించడు, బల్లెం మొన ఒక్కటే కనిపిస్తుంది. మార్చి 31న జరిగిన దాడి ఈ బల్లేల దగ్గరే ఘోరంగా విఫలమైంది. ముందు వరుసలో గండి ఎక్కిన తెల్ల సైనికులలో ఎక్కువమంది చనిపోయారు, లేదా గాయపడ్డారు. అప్పుడు లెఫ్టినెంట్ కర్నల్ ఆగ్న్యూ అదనపు సైన్యంతో, పెద్ద ఫిరంగులతో వచ్చాడు. మే 24న కోట కూలింది.

మాట రాని నాయకుడు అంతమందిని ఎలా నడిపాడన్న ఆశ్చర్యం వెల్ష్ రాతల్లో కనిపిస్తుంది. ఊమైదొర నాలుగు గడ్డిపరకలు తీసి అరచేతిలో ఉంచి, అవి తెల్లవాళ్ళని సైగ చేసి, మరో చేత్తో తుడిచేసి నోటితో ఈల వంటి చప్పుడు చేసేవాడట. అదే యుద్ధానికి ఆజ్ఞ. శత్రు పక్షపు అధికారి ఇంత మమకారంతో వర్ణించిన దేశీయ నాయకులు ఆ కాలంలో అరుదు.

కోట పడినప్పుడు జరిగిన మరో సంగతి కూడా వెల్షే చెప్పాడు. యుద్ధభూమిలో తన కొడుకును వెతుక్కుంటూ వచ్చిన ఒక తల్లికి అతడు గాయాలతో పడి కనిపించాడు. తనను వదిలేసి, పక్కన పడి ఉన్న దొరను కాపాడమని అతడు ప్రాధేయపడ్డాడు. ఆమె, తోడు వచ్చినవారు ఊమైదొరను మోసుకొని ఊరు చేరారు. గాలిస్తూ వచ్చిన ఎట్టయాపురం భటులకు బట్ట కప్పిన శరీరాన్ని చూపి, మశూచితో బిడ్డ పోయాడని ఏడ్చారు. మశూచి పేరు వినగానే భటులు పారిపోయారు. రాజ్యాలు, పాళేలు, పేష్కషుల లెక్కల వెనుక ఉన్న మామూలు మనుషులు ఆ కథలో ఒక్క క్షణం మనకు కనిపిస్తారు.

కోలుకున్న ఊమైదొర శివగంగ చేరి మరుదు సోదరులతో కలిశాడు. 1801 జూన్ 16న చిన్న మరుదు తిరుచిరాపల్లిలో ప్రకటించిన పత్రం అన్ని జాతులవారినీ, ముసల్మానులనూ కలిసి పోరాడమని పిలిచింది. యుద్ధం రామనాథపురం, శివగంగ, దిండిగల్ సీమలకు పాకింది. దిండిగల్ వైపు విరూపాక్షి పాలెగారు గోపాల నాయకుడు ఈ పోరాటానికి నాయకుడు. ఆయన కూడా తెలుగువాడే. అదే ఏడాది ఆయననూ ఉరితీశారు. అక్టోబరు 1న కాళయార్‌కోవిల్ పడింది. అక్టోబరు 24న మరుదు సోదరులను తిరుప్పత్తూరులో ఉరితీశారు. ఊమైదొరను, అతని సోదరుణ్ణి పట్టుకొని, నవంబరు 16న పాంచాలంకురిచ్చిలోనే ఉరితీశారు. కోటను నేలమట్టం చేసి దున్నించి ఆముదాలు చల్లించారు. ఊరి పేరును సర్కారు లెక్కల నుంచి తొలగించారు. మిగిలిన తిరుగుబాటుదారులలో డెబ్బైమందికి పైగా 1802లో ఓడ ఎక్కించి మలయా తీరంలోని పెనాంగు దీవికి పంపేశారు.

ఎట్టయాపురం వైపు

ఇంతవరకు చెప్పిన కథలో ఎట్టయాపురం పేరు పలుమార్లు వచ్చింది. తమిళంలో ‘ఎట్టప్పన్’ అన్న మాట ద్రోహికి పర్యాయపదమైపోయింది. కాని ఆ పాలెగారు కూడా రాజకంబళ నాయకుడే, జక్కమ్మ భక్తుడే. రెండు పాళేల మధ్య సరిహద్దు ఊళ్ళ గురించిన తగవు ఎప్పటి నుంచో ఉంది. ఎట్టయాపురానికి కంపెనీ కొత్త శత్రువు, పాంచాలంకురిచ్చి పాత శత్రువు. 1799లోను, 1801లోను ఎట్టయాపురం సైనికులు కంపెనీ పక్షాన పోరాడారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు కూడా. దానికి ప్రతిఫలంగా పాంచాలంకురిచ్చి భూములలో పెద్ద భాగం ఎట్టయాపురానికి దక్కింది. మణియాచ్చి వంటి పాళేలకు కూడా కొంత ముట్టింది.

దీన్ని సమర్థించనక్కర లేదు. అర్థం చేసుకోవాలి. అప్పటికి ‘దేశం’ అన్న భావన ఇప్పటిలా లేదు. పాళెం, వంశం, దేవత, పగ, మాట ఇవే విధేయతకు కొలమానాలు. కులం ఒకటే అయినా, భాష ఒకటే అయినా పక్షాలు వేరయ్యాయి. తెలుగువాడు కాబట్టి కట్టబొమ్మన మనవాడు అనుకుంటే, అదే లెక్కన ఎట్టప్ప నాయకుడు కూడా మనవాడే. ఒకరిని తీసుకొని మరొకరిని తమిళులకు వదిలేయడం చరిత్ర కాదు.

ఓడినవారికీ గెలిచినవారికీ చివరికి మిగిలినది ఒకటే కావడం ఇందులోని విషాదం. 1801 జూలై 31 ఒడంబడికతో కర్ణాటకమంతా కంపెనీదయింది. 1803లో మిగిలిన పాళేలను శాశ్వత పద్ధతి కింద జమీందారీలుగా మార్చారు. కంపెనీ పక్షాన నిలిచిన పాలెగారు కూడా కోట, సైన్యం, కావలి హక్కు పోగొట్టుకొని పన్ను కట్టే జమీందారు అయ్యాడు. అదే సమయంలో, 1800లో నిజాం వదిలిన దత్తమండలాలలో థామస్ మన్రో సుమారు 80 మంది రాయలసీమ పాలెగార్లను ఇలాగే లొంగదీశాడు. తిరునెల్వేలిలో జరిగినదీ, కడప, బళ్ళారి సీమల్లో జరిగినదీ ఒకే విధానం. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846–47లో చేసిన తిరుగుబాటు ఆ పాత గాయానికి కొనసాగింపే. ఈ రెండు చరిత్రలనూ పక్కపక్కన పెట్టి చదవడం మన విద్యార్థులకు ఎంతో ఉపకరిస్తుంది.

కత్తి పోయిన ఎట్టయాపురం సంస్థానం సంగీత సాహిత్యాల వైపు మళ్ళింది. ముత్తుస్వామి దీక్షితులు 1835లో అక్కడే కన్నుమూశారు. 1882లో సుబ్రహ్మణ్య భారతి అక్కడే పుట్టారు. సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో ఆ సంస్థానపు అచ్చుకూటంలో తెలుగు లిపిలో వెలువడింది. కర్ణాటక సంగీతానికి మూలగ్రంథం అనదగిన తెలుగు పుస్తకం ద్రోహి పాళెం అని పేరుపడ్డ ఊరి నుంచి వచ్చింది. చరిత్రలో మంచిచెడులు ఊళ్ళవారీగా పంచుకొని ఉండవు.

ఏ భాషలో నిలిచింది?

సర్కారు లెక్కల నుంచి తొలగించిన పాంచాలంకురిచ్చి జనం నోట నిలిచింది. కయత్తారులో ఉరితీసిన చోట దారిన పోయేవారు ఒక్కొక్క రాయి వేసి పోగా పెద్ద గుట్ట ఏర్పడిందని బిషప్ కాల్డ్వెల్ 1881 నాటి తన తిరునెల్వేలి చరిత్రలో రాశాడు. కట్టబొమ్ము కథలు పాటలుగా, నాటకాలుగా తమిళంలో ఊరూరా ఆడారు. ఇరవయ్యో శతాబ్దంలో మ.పొ. శివజ్ఞానం ఆ కథను తమిళ వీరగాథగా పుస్తక రూపంలో ప్రచారం చేశారు. తిరుత్తణి తమిళనాడులోనే ఉండాలని ఉత్తర సరిహద్దు ఉద్యమం నడిపి, ఆంధ్రులతో వాదించిన నాయకుడు ఆయనే. తెలుగు ఇంట పుట్టిన వీరుణ్ణి తమిళ జాతి వీరునిగా నిలిపినవాడూ ఆయనే. ఇందులో తప్పు పట్టవలసినది లేదు. మనం మరచినదాన్ని వారు గుర్తుపెట్టుకున్నారు.

1959లో శివాజీ గణేశన్ నటించిన చిత్రం ఆ పేరును దేశమంతటా మోగించింది. దాని తెలుగు అనువాదానికి ‘వీరపాండ్య కట్టబ్రహ్మన’ అని పేరుపెట్టారు. ‘బొమ్మన’ అన్నదే ‘బ్రహ్మ’ శబ్దానికి తెలుగు రూపం. తెలుగు పేరు తమిళమై, తమిళం నుంచి సంస్కృత వేషంతో తిరిగి తెలుగులోకి వచ్చింది. ఆంధ్రదేశంలో చాలామందికి ఈ వీరుడు అలా, డబ్బింగ్ సినిమాగా పరిచయమయ్యాడు. 1974లో తమిళనాడు ప్రభుత్వం పాంచాలంకురిచ్చిలో స్మారక కోట కట్టించింది. ఉరితీతకు 200 ఏళ్ళు నిండిన 1999లో తపాలా బిళ్ళ వెలువడింది. ఊరి దగ్గర ఆ యుద్ధంలో చనిపోయిన కంపెనీవారి సమాధులు ఉన్నాయి. జక్కమ్మ గుడి ఉత్సవానికి కంబళత్తారు తరలివస్తారు. దేవదుందుభి మోతకు దేవరాట్టం ఆడతారు.

తమిళనాట మన కుటుంబాలను ‘వడుగర్’ అంటే ఉత్తరాదివారు అని పిలిచే వాడుక ఉంది. నాలుగైదు వందల ఏళ్ళుగా ఆ నేలను దున్ని, కాచి, దాని కోసం చనిపోయినవారిని వచ్చినవారుగానే లెక్కపెట్టడం న్యాయం కాదు. అయితే దానికి సమాధానం ఆ చరిత్రను తమిళుల నుంచి విడదీసి మనదిగా చాటుకోవడం కూడా కాదు. పాంచాలంకురిచ్చి మట్టిగోడను లేపిన చేతులలో తెలుగు చేతులు, తమిళ చేతులు కలిసే ఉన్నాయి. దాన్ని పడగొట్టిన పక్షంలోనూ అలాగే ఉన్నాయి.

ఈ చరిత్రలో తెలుగు విద్యార్థి చేయవలసిన పని ఒకటి ప్రత్యేకంగా ఉంది. ఇంగ్లీషు నివేదికలు చదివినవారు ఉన్నారు. తమిళ కథాగేయాలు సేకరించి అచ్చువేసినవారు ఉన్నారు. కరిసల్ సీమ ఊళ్ళలో ముసలివారు ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో మిగిలినవాటిని విని రాసుకోగలిగినది మాత్రం ఆ భాష తెలిసినవారే. ఇంటిపేర్లు, దేవత కథలు, కావలి మాటలు, పెళ్ళి తంతులో చదివే వంశక్రమం, ఏ పాళెం వారితో సంబంధాలు కలుపుకోరన్న కట్టుబాట్లు ఇవన్నీ ఆధారాలే. ఆ తెలుగు తరం తరానికీ తరిగిపోతోంది. అది పూర్తిగా పోకముందే విని రాసుకోవడం ఆ యుద్ధంలో ఇరుపక్షాల చనిపోయినవారికీ మనం చెల్లించవలసిన బకాయి.